నవ్విన మేక కేసు

మా ఊళ్ళో రోజూ సాయంత్రం ఏడింటికి సైరన్ మోగుతుంది. మూతపడిన రైస్‌మిల్లు సైరనే అది. ప్రభుత్వం వారు దాన్ని తెప్పించి మున్సిపల్ ఆఫీసు మీద పెట్టించారు. అది మోగగానే ఊళ్ళో తల్లిదండ్రులందరూ చేస్తున్న పని ఆపి, పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, కలిసి గడిపిన రోజుల్ని ప్రేమగా తలచుకోవాలి. మళ్ళీ సైరన్ మోగేదాకా తలచుకుంటూనే ఉండాలి. ఆ తర్వాత తలచుకోవడం నేరమేమీ కాదు గానీ, లెక్కలోకి రాదు.

దీని పుట్టుక గురించి నేను విన్నది ఇది. ఒక పెద్ద అధికారి విదేశాల్లో ఏదో సదస్సుకి వెళ్ళాడు. అక్కడ ఎవరో ఒక మాట చెప్పారు. అమ్మానాన్నలు చిన్నపిల్లలతో కూర్చుని, "ఆవేళ మనం అక్కడికి వెళ్ళాం కదా, అక్కడ ఏం చూశాం, నీకేమనిపించింది?" అని విడమర్చి మాట్లాడుకుంటూ ఉంటే, ఆ పిల్లలకి మాట బాగా వస్తుందట, మనసులో ఉన్నది చెప్పుకోవడం వస్తుందట. ఇందులో అబద్ధమేమీ లేదు. మా అమ్మ నా తలకి నూనె రాస్తూ చేసిన పని ఇదే. అదొక పద్ధతి అని ఆవిడకి తెలియదు కాబట్టి హాయిగా చేసేసింది. ఆ అధికారి కూడా విని సంతోషించి ఊరుకుంటే బాగుండేది. విమానం దిగి ఒక శాఖ పెట్టించాడు. దాని పేరు బాల్యస్మృతి అభివృద్ధి శాఖ.

నాకు మెయిన్ రోడ్డులో కళ్ళజోళ్ళ షాపు ఉంది. పేరు సత్తిరాజు. మా ఆవిడ నాగసుధ. మాకు ఒక్కతే కూతురు, జోషిత. దానికి ఐదు నిండి, ఒకటో తరగతిలో వెయ్యాల్సి వచ్చింది. బడికి వెళితే హెడ్‌మిస్ట్రెస్ గారు దాన్ని చూసి ముద్దుగా నవ్వి, నన్ను చూసి నవ్వడం మానేశారు.

"పాపకి స్మృతి ధ్రువపత్రం ఉందాండీ?"

"పుట్టిన తేదీ సర్టిఫికెట్ ఉందండి."

"పుట్టిందని కనిపిస్తానే ఉందండీ. పుట్టిన తర్వాత మీతో కలిసి గడిపినట్టు రుజువు కావాలి. అది లేకుండా చేర్చుకుంటే నా ఉద్యోగం పోద్ది."

ఆ ధ్రువపత్రం రావాలంటే ముందు శాఖ తరఫున స్మృతిమిత్ర ఒకరు ఇంటికి వచ్చి, మనం ఎలా తలచుకుంటున్నామో విని వెళ్ళాలి. మా వీధికి వేసిన స్మృతిమిత్ర పేరు హారిక. ఈ మధ్యే డిగ్రీ అయిన అమ్మాయి. సైరన్ మోగే వేళకి వచ్చి, మంచినీళ్ళు తాగి, గోడకి ఒక పోస్టరు అంటించింది. దాని మీద నాలుగు ప్రశ్నలున్నాయి. ఎక్కడికి వెళ్ళాం? ఎవరెవరు ఉన్నారు? ఏం జరిగింది? అప్పుడు నీకెలా అనిపించింది?

"ఆ వరసలోనే అడగాలండి. నాలుగోది మర్చిపోతే జ్ఞాపకం అసంపూర్తి కింద వచ్చేస్తది," అంది హారిక.

నేను గొంతు సవరించుకుని, ఆ మధ్య మా పెద్దమ్మ గారి ఊరు వెళుతూ గోదావరి మీద పంటు ఎక్కిన రోజుని ఎంచుకున్నాను. పంటు అంటే మనుషుల్నీ మోటారుసైకిళ్ళనీ కలిపి అవతలి గట్టుకి చేర్చే పెద్ద పడవ. సూర్యుడు దిగిపోతున్నాడు, నీళ్ళన్నీ ఎర్రబడ్డాయి, నేను పాపని ఎత్తుకుని అదంతా చూపించాను. నా బుర్రలో ఆ రోజు బంగారంలా ఉంది.

"జోషితమ్మా, ఆవేళ మనం ఎక్కడికి వెళ్ళాం?"

"పంటు మీదకి."

"అక్కడ ఏం చూశాం?"

"మేక."

మేక ఏమిటో నాకు అర్థం కాలేదు. సూర్యుడి సంగతి గుర్తు చేశాను. సూర్యుడు తనకి తెలియదంది. గోధుమరంగు మేక ఒకటి పంటు మీద తన పక్కనే నిలబడిందట. తన వైపు చూసి నవ్విందట.

"మేకలు నవ్వవమ్మా," అన్నాను.

"ఈ మేక నవ్వింది."

"సూర్యుడూ లేడు, మేకా లేదు," అని వంటింట్లోంచి వచ్చింది నాగసుధ. "ఈయన కొత్త చెప్పు నీళ్ళలో పడేసుకున్నారు. నువ్వు తోశావంటే నువ్వు తోశావని రేవు దిగేదాకా నన్ను తిట్టి పోశారు. నాకదొక్కటే గుర్తు."

హారిక మా ముగ్గుర్నీ మార్చి మార్చి చూసి, నీరసంగా నిట్టూర్చింది. "ఒకే పంటండి, మూడు జ్ఞాపకాలు. దీన్ని స్మృతిభేదం అంటారండి. నేనేం చెయ్యలేను. ప్రాంతీయ అధికారి గారి దగ్గర విచారణకి ఎల్లాలి."

అలా మా మేక ప్రభుత్వ రికార్డులకెక్కింది.

ప్రాంతీయ స్మృతి అధికారి కార్యాలయం పాత విత్తనాల గోదాములో పెట్టారు. గోడలకి రంగు వేశారు గానీ, పైకప్పు జోలికి పోలేదు. అధికారి పేరు కోదండపాణి. ఇస్త్రీ మడత నలగని మనిషి. బల్ల మీద ప్రతి వస్తువూ అంచుకి సమానంగా ఉండాలి. ఆయన అటెండరు సింహాచలం రోజంతా వాటిని సమానంగా సర్దుతూ ఉంటాడు.

"శాఖాపరమైన దృష్టితో చూడగా," అన్నాడు కోదండపాణి, "ఒక కుటుంబములో ఒక సంఘటనకు ఒకే స్మృతి ఉండవలెను. రెండు ఉన్నచో ఒకటి అనధికారికము. మూడు ఉన్నచో ఆ కుటుంబమే ప్రశ్నార్థకము. సదరు మేకను మీరు చూచితిరా?"

"లేదండి."

"చూడలేదని ఖండితముగా చెప్పగలరా?"

"చూడనిదాన్ని చూడలేదని ఖండితంగా ఎలా చెప్పగలనండీ? ఉండి ఉండొచ్చు. పంటు మీద మేకలు ఎక్కడం మామూలే కదండి."

"అట్లయిన పదిహేడవ నిబంధన వర్తించును. స్మృతిలో కానవచ్చు ప్రతి పాత్రయు సదరు స్మృతిని అంగీకరించవలెను. మేక మైనరుతో సమానము కనుక దాని యజమాని వచ్చి చెప్పిన చాలును."

నేను షాపు మూసేసి రేవులో మేకల కోసం వెతుక్కుంటూ తిరిగాను. చివరికి వీర్రాజు అనే అతను దొరికాడు. ఆ రోజుల్లో పంటు మీద మేకల్ని అటూ ఇటూ తిప్పింది తనేనన్నాడు. బతిమాలి, టీ తాగించి, మోటారుసైకిలు మీద కూర్చోబెట్టుకుని విచారణకి తీసుకెళ్ళాను.

"మీ మేక గోధుమరంగుదా?" అని అడిగాడు కోదండపాణి.

"అన్ని రంగులూ ఉన్నాయండి. గోధుమరంగుది కూడా ఉండేదండి, ఆయ్."

"అది నవ్వు స్వభావము కలిగినదా?"

వీర్రాజు తలగోక్కున్నాడు. "నేనెప్పుడూ దాని మొహంకేసి చూళ్ళేదండి. ఎనకనుంచి తోలుతాం కదండి."

"సదరు మేకను హాజరుపరచగలరా?"

"అదెక్కడుందండీ బాబూ ఇంకా. మొన్న మా బావమరిది పెళ్ళికి..." అంటూ వీర్రాజు పక్కకి చూశాడు. జోషిత బెంచీ మీద కూర్చుని కళ్ళు పెద్దవి చేసుకుని వింటోంది. వీర్రాజు మంచివాడు. "పెళ్ళికి ఎల్లిందండి. ఎల్లి అక్కడే ఉండిపోయిందండి. ఆళ్ళు బాగా చూసుకుంటున్నారు," అన్నాడు.

కోదండపాణి కలం మూత పెట్టేశాడు. మేక గైర్హాజరు కావడం వల్ల మేక లేనట్టే లెక్కట. మాకు ఒకటే దారి మిగిలిందట. సొంత జ్ఞాపకం కుదరని కుటుంబాల కోసం శాఖ వారు దయతో ప్రామాణిక జ్ఞాపకాన్ని తయారుచేశారు. అది తీసుకుని, పాపకి నేర్పించి, పరీక్షకి తీసుకురావాలి. బళ్ళో చేర్చుకునే గడువు దగ్గరపడింది కాబట్టి ఆలస్యం చెయ్యొద్దని ఆయనే చెప్పాడు.

ఆ ప్రామాణిక జ్ఞాపకం మా వీధిలో అప్పటికే అందరికీ వచ్చు. పక్కింటి తాతారావు కొడుకు లోహిత్‌కి సాయంత్రం పూట ఓ కోచింగ్ సెంటర్లో దీన్నే చెప్పిస్తున్నారు. వాడు చేతులు కట్టుకుని నిలబడి ఒక్క గుక్కలో అప్పజెప్పేవాడు: "మేము సముద్రతీరమునకు వెళ్ళితిమి. అలలు ఎగసిపడుచుండెను. నాన్నగారు నాకు ఒక శంఖమును ఏరి ఇచ్చిరి. నాకు ఎంతయో ఆనందము కలిగెను." వాడు పుట్టి బుద్ధెరిగాక సముద్రం చూడలేదు. తాతారావుకి ఆటో తోలుకోవడంతోనే సరిపోతుంది. పొద్దున వాడు లేవక ముందు వెళ్తాడు, సైరన్ వేళకి ఓసారి ఇంటికొచ్చి మళ్ళీ వెళ్ళి, వాడు పడుకున్నాక వస్తాడు.

ఒక రోజు తాతారావు షాపుకి వచ్చి, స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏంటి తాతారావూ, కళ్ళు చూడాలా?"

"కళ్ళు కాదండి సత్తిరాజుగారూ. మావాడు రాత్రి లేచి ఒకటే ఏడుపండి. నాన్నా, నువ్విచ్చిన శంఖం పోయింది, వెతికిపెట్టు అంటాడు. నేనెప్పుడిచ్చానురా అంటే ఇంకా ఏడుస్తున్నాడు. ఏం చెయ్యనండీ? ఇల్లంతా వెతికాను."

"లేని శంఖం వెతికావా?"

"వాడలా ఏడుస్తుంటే ఎతక్కుండా ఎలా ఉంటానండీ. ఎతుకుతుంటే నాకే అనుమానం వచ్చేసిందండి, ఎప్పుడో ఇచ్చే ఉంటాననిపించింది." అతను కళ్ళు తుడుచుకుని లేచాడు. "ఈ ఆదివారం సముద్రానికి తీసుకెళ్ళిపోదామనుకుంటున్నాను. కానీ ఏడింటికి ఇంట్లో ఉండి తలచుకోవాలి కదండీ. తిరిగొచ్చేసరికి లేటైపోద్ది."

ఇక్కడ నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ నాగసుధకి వచ్చింది భయం. బళ్ళో సీటు పోతే దానికి ఏడాది పోతుంది, మీ మేక కోసం పిల్ల బతుకు పాడుచేస్తారా అని నన్ను పట్టుకుంది. మేక నాది కాదని నేను అంటే, మరెందుకీ పంతమని నిష్ఠూరమాడింది. చివరికి నేనే సరే అన్నాను. ఆ రాత్రికే శంఖం జ్ఞాపకాన్ని తెచ్చి జోషితకి నేర్పడం మొదలుపెట్టాను.

తెలివైన పిల్ల. రెండుసార్లు చెప్పేసరికి వచ్చేసింది. చేతులు కట్టుకుని, అలలు ఎగసిపడుచుండెను అంటూ మొత్తం అప్పజెప్పింది. ఎక్కడా తప్పు పోలేదు. నేను చప్పట్లు కొట్టబోయాను. అప్పుడది నా మోకాలు పట్టుకుని, మెల్లిగా అడిగింది.

"నాన్నా, అయితే మేక లేదా?"

లేదంటే సర్టిఫికెట్ వస్తుంది. ఉందంటే రాదు. మేక సంగతి తేల్చుకోలేక పిల్ల మొహం చిన్నబోయింది. అప్పటిదాకా తన కళ్ళతో చూసినదాన్ని అది అనుమానించడం నేను చూడలేదు. పడుకోమ్మా, పొద్దున్నే లేవాలి అన్నాను. అంతకన్నా సిగ్గుపడాల్సిన మాట ఒక తండ్రి నోట్లోంచి రాదనిపించింది.

మర్నాడు పరీక్షకి వెళ్ళేసరికి వాన పట్టుకుంది. గోదాము వరండా నిండా తల్లిదండ్రులు, పిల్లలు. అన్ని మూలల నుంచీ అలలు ఎగసిపడుతున్నాయి. ఒకావిడ పిల్లాడి చెవి మెలిపెట్టి, "శంఖం ఎవరిచ్చారు? అమ్మ కాదు, నాన్నగారు! చచ్చినట్టు గుర్తుపెట్టుకో!" అని కేకలేస్తోంది. వాడు ఏడుస్తూనే నాకు ఎంతయో ఆనందము కలిగెను అంటున్నాడు.

మా వంతు వచ్చి లోపలికి వెళ్ళేసరికి కరెంటు పోయింది. పైకప్పు కారుతోంది. సింహాచలం బక్కెట్లు పెట్టాడు, కానీ చినుకులు వాటిని తప్పించుకుని పడుతున్నాయి. కోదండపాణి ఏమీ జరగనట్టు, "పరీక్ష యథాతథముగా కొనసాగును," అని బల్ల మీద స్టాంపు ప్యాడుని అంచుకి సమానంగా జరుపుతున్నాడు.

అంతలో ఎక్కడి నుంచి వచ్చిందో, బాగా బలిసిన కప్ప ఒకటి ఎగిరి ఆ స్టాంపు ప్యాడు మీద కూర్చుంది.

తర్వాత జరిగింది చాలా త్వరగా జరిగింది. కోదండపాణి "అమ్మోయ్!" అని పొలికేక పెట్టి కుర్చీ ఎక్కేశాడు. కుర్చీ ఊగింది. పడిపోతానేమోనని పక్కనున్న సింహాచలం మెడని రెండు చేతులతో కావలించుకున్నాడు. "తియ్యరా! దాన్ని తీసెయ్యరా!" అని అరుస్తున్నాడు. మెడ అధికారి చేతుల్లో ఉండడం వల్ల సింహాచలం దేన్నీ తియ్యలేని స్థితిలో ఉన్నాడు. నేను ముందుకి దూకి, తడినేల మీద జారి, బక్కెట్టులో కాలు పెట్టాను. కప్ప అక్కడే కూర్చుని అందర్నీ పరిశీలించింది.

జోషిత ఒక్కతే తన టిఫిన్ బాక్సు ఖాళీ చేసుకుని, మూత తెరిచి దగ్గరికి వెళ్ళి, "దా, దా" అంటూ కప్పని అందులోకి తోసింది. మూత పెట్టి, వరండా చివరికి వెళ్ళి, నీళ్ళలో వదిలేసి వచ్చింది. కప్ప వెళ్ళిన మేర బల్ల మీద ఊదారంగు అడుగులు మిగిలాయి.

కోదండపాణి కుర్చీ దిగాడు. చొక్కా సర్దుకున్నాడు. బల్ల మీది ఊదా అడుగుల మీద ఒక ఫైలు పెట్టాడు. కరెంటు వచ్చింది. "పరీక్ష," అన్నాడు, గొంతు ఇంకా సన్నగానే ఉంది. "చెప్పమ్మా. మీ నాన్నగారితో కలిసి గడిపిన ఒక అనుభవమును చెప్పుము."

నేను కళ్ళు మూసుకుని అలల కోసం ఎదురుచూశాను. జోషిత చేతులు కట్టుకుంది. కట్టుకున్న చేతులు విప్పేసింది.

"ఇందాకండీ, మేము ఆఫీసుకొచ్చాం. నాన్న, నేను, సింహాచలం మావయ్య, మీరు ఉన్నాం. కప్పొచ్చింది. మీరు కుర్చీ ఎక్కి సింహాచలం మావయ్యని ఎత్తుకోమన్నారు. మా నాన్న కాలు బక్కెట్లో ఇరుక్కుంది. నాకు చాలా నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు."

కోదండపాణి ఫైలుని బల్ల అంచుకి సమానంగా జరిపాడు.

"తండ్రిగారు ఈ స్మృతిని అంగీకరించుచున్నారా?" అన్నాడాయన, నా వైపు చూడకుండా.

నా కాలు బక్కెట్టులోంచి ఇంకా పూర్తిగా రాలేదు. "అక్షరం పొల్లు పోకుండా అంగీకరిస్తున్నానండి."

"నేను కుర్చీ ఎక్కలేదు," అన్నాడు కోదండపాణి. "పరిస్థితిని తనిఖీ చేయు నిమిత్తము ఎత్తైన ప్రదేశమును ఆశ్రయించితిని."

"అయితే స్మృతిభేదం వచ్చిందండి," అన్నాను వినయంగా. "పదిహేడో నిబంధన ప్రకారం జ్ఞాపకంలో ఉన్న ప్రతివాళ్ళూ ఒప్పుకోవాలి కదండి. ఒప్పుకోకపోతే విచారణ. ప్రాంతీయ అధికారి గారి ముందు మీరూ హాజరు కావాల్సి ఉంటుంది."

"నేనే ప్రాంతీయ అధికారిని!"

"అదేనండి. మీ ముందే మీరు."

ఆయన సింహాచలం వైపు చూశాడు. సింహాచలం చాలా ఏళ్ళుగా ఆయన బల్ల సర్దుతున్న మనిషి. మెడ రుద్దుకుంటూ, "ఎక్కారండి," అన్నాడు. "నేనూ ఉన్నాను కదండీ దాంట్లో. అబద్ధం సెప్తే నాకూ విచారణే కదండి, ఆయ్."

కోదండపాణి కూలబడినట్టు కూర్చున్నాడు. అప్పుడు జోషిత గోడ మీది పోస్టరు వైపు చూసింది. మా ఇంట్లో ఉన్నలాంటిదే, ఆయన వెనక గోడకీ ఉంది. మూడు ప్రశ్నలూ అయిపోయాయని, ఆయన వంతు నాలుగోది మిగిలిపోయిందని దానికి తోచింది. నాలుగోది మర్చిపోతే జ్ఞాపకం అసంపూర్తి అవుతుందని హారిక ఆవేళ చెప్పిన మాట దానికి గుర్తుంది. బల్ల దగ్గరికి వెళ్ళి, గడ్డం బల్ల మీద ఆనించి, అడిగింది.

"అప్పుడు మీకెలా అనిపించింది?"

ఈ ప్రశ్న ఆయన ఎంతమంది పిల్లల్ని అడిగి ఉంటాడో. ఆయన్ని మాత్రం ఇదివరకు ఎవరూ అడిగినట్టు లేరు. జవాబు కోసం కాగితాల వైపు చూశాడు. అక్కడ ఏమీ లేదు. ఇస్త్రీ చొక్కా లోపల ఎక్కడో ఇంకో మనిషి కదిలినట్టయింది.

"భయమేసిందమ్మా," అన్నాడు.

"కప్పంటే భయమా?"

"చిన్నప్పటి నుంచీనమ్మా. మా నాన్న... అందరి ముందూ కప్పని నా మీద వేసి నవ్వేవారు. మగపిల్లాడివి, కప్పకి భయమేంట్రా అని." "ఎలా ఉందిరా నీకు అని ఒక్కసారీ అడగలేదు," అన్నాడు. శాఖ పెట్టిన దగ్గరి నుంచీ, కప్పని చూసి పెట్టిన కేకలు పోను, ఆయన గ్రాంథికం లేకుండా మాట్లాడింది అప్పుడేనని సింహాచలం తర్వాత చెప్పాడు.

"పోయింది కదా ఇప్పుడు. నీళ్ళలో వదిలేశాను," అంది జోషిత.

కోదండపాణి ఫైలు ఎత్తి, దాని కింద ఉన్న ఊదా అడుగుల్లో ఒకదాని పక్కన కాగితం పెట్టి, స్టాంపు వేశాడు. అలా మా పిల్లకి స్మృతి ధ్రువపత్రం వచ్చింది. ఇప్పుడది ఒకటో తరగతిలో మూడో బెంచీలో కూర్చుంటోంది.

ఇక్కడితో అయిపోయి ఉంటే ప్రభుత్వం ఎందుకవుతుంది? పై ఆఫీసు వారికి మా కప్ప తెగ నచ్చింది. అన్ని పాత్రలూ అంగీకరించిన జ్ఞాపకం ఇదొక్కటేనట. శంఖాన్ని రద్దుచేసి, దీన్నే ప్రామాణిక జ్ఞాపకంగా ప్రకటించారు. అయితే కప్ప అనేది శాఖ ప్రతిష్ఠకి తగదని రామచిలుకని పెట్టారు. అధికారి కుర్చీ ఎక్కడం బాగుండదని, రామచిలుకని కాపాడడానికి ఎక్కినట్టు దిద్దారు. నా కాలు బక్కెట్టులో ఇరుక్కోవడాన్ని మాత్రం యథాతథంగా ఉంచారు. ఇప్పుడు సైరన్ మోగితే మా ఊరంతా ఒకే గొంతుతో రామచిలుకని తలచుకుంటుంది. కళ్ళజోడు కోసం వచ్చిన పిల్లలు నా కాళ్ళకేసి జాలిగా చూస్తున్నారు.

లోహిత్ మాత్రం రామచిలుకని ఒప్పుకోవడం లేదు. తాతారావు ఒక ఆదివారం సైరన్‌ని లెక్కచెయ్యకుండా వాణ్ణి నిజంగానే సముద్రానికి తీసుకెళ్ళాడు. శంఖం దొరకలేదు. దాని బదులు ఇద్దరూ జీళ్ళు తిని, వానలో తడిసి, జ్వరం తెచ్చుకుని వచ్చారు. వాడు ఇప్పుడు ఆ జ్వరం గురించే చెబుతున్నాడు. దానికి సర్టిఫికెట్ రాదు.

రెండో తరగతికి ధ్రువపత్రాన్ని మళ్ళీ తీసుకోవాలి. వెళితే కొత్త అధికారి కూర్చుని ఉన్నాడు. కోదండపాణి బదిలీ అడిగి మరీ వెళ్ళిపోయాడట. కొత్తాయన జోషిత చెప్పిందంతా విని, నాకు నోటీసు ఇచ్చాడు. మా పిల్ల ప్రామాణిక జ్ఞాపకాన్ని కాపీ కొట్టిందట. అది కూడా సరిగ్గా కొట్టకుండా, రామచిలుకకి బదులు కప్ప అని తప్పు చెప్పిందట. సంజాయిషీ ఇవ్వాలి.

ఆ సాయంత్రం సైరన్ మోగింది. నేను లేచి కిటికీ తలుపు వేశాను. నాలుగు ప్రశ్నల పోస్టరు వైపు వీపు పెట్టి కూర్చున్నాను. జోషితకి ఈ మధ్యే పైన ముందరి పళ్ళు ఊడిపోయాయి. వాటి ఖాళీలో నాలుక పెట్టుకుని ఆడుకుంటోంది.

"పంటు మీద మేక సంగతి చెప్పమ్మా," అన్నాను.

అది నన్ను అనుమానంగా చూసింది. "సర్టిఫికెట్‌కా?"

"కాదు. నాకు."

"గోధుమరంగు. నా పక్కనే నిలబడింది. నవ్వింది."

"అప్పుడు నీకెలా అనిపించింది?"

పోస్టరు మీద రోజూ చూసే ప్రశ్నే. ఆ మేక గురించి నేను అడగడం మాత్రం అదే మొదటిసారి.

"నువ్వు, అమ్మ చెప్పు కోసం పోట్లాడుకుంటున్నారు కదా. నాకు భయమేసింది. ఇటు తిరిగితే మేకుంది. నన్ను చూసి ఇలా నవ్వింది." పెదవి పైకెత్తి చూపించింది. "దానికి పైన పళ్ళు లేవు నాన్నా. కిందే ఉన్నాయి. ఇప్పుడు నాలాగ. అప్పుడు భయం పోయింది."

నాగసుధ వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడిపోయింది. మేమిద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. ఎర్రటి సూర్యుడు, పోయిన చెప్పు, ఇన్నాళ్ళూ మేము పట్టుకు వేళ్ళాడిన రెండూ ఆ పూట చాలా చిన్నవైపోయాయి. సిగ్గేసింది, ఏడుపొచ్చింది, చెప్పాలంటే రెండూ కలిసే వచ్చాయి. రెండో సైరన్ ఎప్పుడు మోగిందో మాకు తెలియదు.

మర్నాడు పొద్దున షాపు తీస్తుంటే, ఎవరిదో మేక ఒకటి మెట్లెక్కి, షాపు గోడకి కూడా అంటించిన శాఖ వారి పోస్టరుని తింటోంది. మొదటి మూడు ప్రశ్నలూ అప్పటికే తినేసింది. నేను దాన్ని అదిలించలేదు. పక్కన గొంతుక్కూర్చుని, గడ్డం పట్టుకుని, మెల్లిగా దాని పెదవి పైకెత్తి చూశాను.

పైన పళ్ళు లేవు.